మేకు దిగని గోడ

ఎర్రగుంట్లలో మంచు పడదు,
సిమెంటు పడుతుంది.
తెల్లారేసరికి వేపచెట్టు ముసలిదై ఉంటుంది,
దండెం మీది చీర మళ్ళీ ఉతుక్కోవాల.

కెజియా చిన్నప్పటి మూడుచక్రాల బండి టైరుకు
కానుగ రెమ్మలు చుట్టి
నడుమ నడుమ రేగుపండ్లు గుచ్చి
క్రిస్మస్ చుట్ట చేసినాము, నేనూ పాపా.
సండే స్కూలు టీచరు ఫోన్లో చూపించిందంట.
"దీన్ని తగిలించాల మా, పెట్టకూడదు" అని
ఒకటే పట్టు.

యాడ తగిలించాల?
మాది నాపరాతి గోడ.
బండ పక్కన బండ, సందుల్లో మట్టి.
మొదటి మేకు వంగిపాయ.
రెండోది ఎగిరి బియ్యం డబ్బాలో పడె.
మూడోదానికి నా బొటనేలు నల్లగాయ.
మా అత్త కరుణమ్మ వక్కాకు నములుతా
"మేకుల పండగ ఇది కాదులేమ్మే,
అది ఎండాకాలంలో వస్తాది" అనింది.

రేకు తలుపు గొళ్ళేనికి కట్టినాము.
నైట్ డ్యూటీ దిగి వచ్చిన ఏలీయా
సైకిలు దిగనే లేదు.
ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద,
"ఎవరు... అమ్మనా?" అన్నాడు.
ఆయప్ప చూసిన గుండ్రటి పూలన్నీ
పెట్టెల మీదివే.
పోయిన ఏడు ఫ్యాక్టరీ గేటు కాడ ఒకటి.
అంతకు ముందెప్పుడో
గనిలో పోయిన వాళ్ళ నాయనకు ఒకటి,
కంట్రాక్టరు పంపించింది,
రిబ్బను మీద కంట్రాక్టరు పేరే పెద్దగా.
నేనేమీ మాట్లాడకుండా
గొళ్ళెం నుంచి విప్పేసినా.

కిటికీ ఊచకు కడితే
ఖాజాబీ మేక వెనకకాళ్ళ మీద లేచి
పండ్లన్నీ ఏరుకొని తినింది.
తెల్లారి గింజలు మాత్రం
మర్యాదగా మా గడప కాడ ఉమ్మింది.
ఖాజాబీ కొంగు నిండా రేగుపండ్లు తెచ్చి
తానే కూర్చొని మళ్ళీ గుచ్చిపాయ,
మేకను తిడతా, మధ్యలో రెండు నోట్లో వేసుకుంటా.

వీధి బోరింగు పిడికి తొడిగినాము.
బిందె బిందెకూ కిందికీ మీదికీ ఊగి
నీళ్ళకొచ్చిన ప్రతి ఆడమనిషికీ
వంగి దండం పెట్టింది.
బాగుండె, ఒక పూట.
సాయంత్రం చెయ్యి జారుతాందని
ఎవరో తీసి అరుగు మీద పెట్టినారు.
వేలితో పేరు రాయొచ్చు ఆకుల మీద,
అంత బూడిద.

ఇంక మిగిలింది మిద్దె మీది డిష్షు.
కెజియా ఎక్కి దాని ముక్కుకు తగిలించింది.
టీవీలో పాస్టరయ్య
"కాబట్టి ప్రియులారా" అని నోరు తెరిచినోడు
తెరిచినట్టే ముక్కలు ముక్కలై నిలబడిపాయ.
"కాబట్టి ఏందో!" అని మా అత్తకు
రాత్రంతా అదే దిగులు.

ఇరవై మూడో తేదీ, దీపాలు పెట్టినంక
చుట్టను ఆమె చేతికి తీసుకుంది.
తిప్పి చూసింది. బరువు చూసింది.
ఎవరూ చూడలేదనుకొని
నెత్తిన పెట్టుకుంది.

కొలత తీసి చేసినట్టు కూచుంది.
ముప్పై ఏండ్లు బండలు మోసిన నెత్తి.
చుట్టకుదురు తిరిగిన చోట
ఇప్పటికీ వెంట్రుక మొలవదు.
దువ్వేటప్పుడు ఆ గుండ్రాన్ని
పక్క జుట్టుతో కప్పుకుంటాది రోజూ,
నాకు తెలీదనుకుంటాది.

కెజియా నవ్వబోయి నవ్వలేదు.
"బరువుగా ఉందా జేజీ?"
"బరువు పెడితేనే ఇది నిలబడేది పాపా" అని
చుట్టను దించి మూలన పెట్టి
నీళ్ళకడవ ఎత్తి దాని మీద కూచోబెట్టింది.

క్యారల్స్ వాళ్ళొచ్చి
పాడి పాడి గొంతులెండి
చెంబు ముంచుకున్న ప్రతి మనిషీ వంగి చూసి
"ఇదేందబ్బా, కింద పెట్టినారు" అనేవాళ్ళే.
ఏలీయా మాత్రం ఏమీ అనలేదు,
రెండు చెంబులు తాగినాడు.
పాప ఇంకా ఒప్పుకోలేదు.
తగిలించాలనే అంటాది.

ఈ పొద్దు జనవరి తొమ్మిది.
రేగుపండ్లు ముడతలు పడినాయి.
కడవ చెమట ఇంకా దిగుతానే ఉండాది.
వీధిలో చెట్టు మీది కానుగాకు తెల్లగుంది,
కడవ కిందిది పచ్చగా.